నెయ్యి ఎక్కడ పడుతుందో తెలిస్తే పండగ సగం గట్టెక్కినట్టే

ప్రశ్న:

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది. వయసు 29, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లయి మూడేళ్లు. అత్తవారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట ఉంది, పెరట్లో రెండు గేదెలున్నాయి. ఏడాదిన్నర కిందట ఆమె మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేశారు. భర్త అన్నీ తింటారు, ఈమెను మాత్రం బలవంతపెట్టరు.

చిక్కంతా సంక్రాంతి దగ్గర వచ్చింది. పోయిన పండక్కి అత్తగారు కోడలి కోసమని సున్నుండలు చుట్టి పళ్లెంలో తెస్తే, "నెయ్యి ఉంటుంది కదండీ, నేను తినను" అన్నారట. ఆవిడ మారు మాట్లాడకుండా పళ్లెం వెనక్కి తీసుకెళ్లిపోయారు. పండగనాడు పులిహోర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాక, పోపు నేతిలో వేశారని తోడికోడలు నవ్వుతూ చెప్పారు. ఈమెకు కళ్లనీళ్లు వచ్చేశాయి. పదిమంది చుట్టాల ముందు "ముందే ఎందుకు చెప్పలేదు?" అని గట్టిగా అనేశారు. కనుమనాడు మావగారు, "మన గేదెల్ని మనం కొడుతున్నామా, తిడుతున్నామా? దూడకి వదిలాకే కదమ్మా పితికేది" అన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అదే ఇంకా బాధగా ఉందంటారు.

మళ్లీ పండగ వస్తోంది. భర్త "మూడు రోజులే కదా, సర్దుకో" అంటున్నారు. ఆమె అడిగినవి నాలుగు. సెలవు దొరకలేదని చెప్పి ఆగిపోనా? నా క్యారియర్ నేనే కట్టుకెళ్లనా? పాలు పడవని డాక్టరు చెప్పారని అబద్ధం ఆడనా? లేకపోతే ఆ మూడు రోజులూ కళ్లు మూసుకుని అన్నీ తినేయనా?

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు గొడవలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి తిండిది, రెండోది ఆ తిండిని మీరు వద్దన్న చోటుది. తిండి గొడవ మీరనుకున్నంత పెద్దది కాదు. గోదావరి జిల్లాల పండగ భోజనంలో పాలు, నెయ్యి లేనివే ఎక్కువ. పులిహోర, గారెలు, పూర్ణాలు, గుమ్మడికాయ దప్పళం, కందిపచ్చడి, గోంగూర, ఆవకాయ, చిక్కుడుకాయ కూర, వంకాయ... ఇవన్నీ పుట్టుకతో మీ పక్షమే. వాటిలో నెయ్యి పడితే మూడు చోట్ల పడుతుంది: పిండిలోనో పాకంలోనో, పోపులో, వడ్డనలో. మీరు పోయినసారి ఆ మూడూ దాటిపోయాక, అంటే వస్తువు విస్తట్లోకి వచ్చాక వద్దన్నారు. పళ్లెం పట్టుకుని నిలబడ్డ మనిషికి "నెయ్యి వద్దు" అన్న మాట "నీ చేతివంట వద్దు" అన్నట్టే వినపడుతుంది. అదే మాట పది రోజుల ముందు ఫోనులో అంటే వంట గురించిన సలహాగా వినపడేది.

ముందు మీ నాలుగు దారులూ చూద్దాం.

వెళ్లకుండా ఆగిపోవచ్చు. ఈ ఏడాదికి ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ పోయిన పండగ చేదు అక్కడే ఉండిపోతుంది, పైగా "తిండి కోసం పండగ మానేసింది" అన్న మాట తోడవుతుంది. వచ్చే ఏడు గుమ్మం ఇంకాస్త ఎత్తుగా కనిపిస్తుంది.

క్యారియర్ కట్టుకెళ్లవచ్చు. ఆఫీసులో అది మామూలే. పండగనాడు బంతిలో కూర్చుని సొంత డబ్బా విప్పడం మాత్రం మడి కట్టుకున్నట్టు, అంటు పాటించినట్టు ఉంటుంది. మన ఇళ్లలో వేరే గిన్నె, వేరే కంచం అనే మాటలకు పాత గాయాలున్నాయి. అత్తగారి పొయ్యి మీద, అత్తగారి గిన్నెలో, ఆవిడ పక్కన నిలబడి చేసుకున్నది మాత్రం వేరు వంట అనిపించుకోదు.

డాక్టరు అబద్ధం ఒక్క పండక్కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆవిడ ఊళ్లో తెలిసిన ప్రతి వైద్యుణ్నీ అడుగుతారు, కషాయం పంపిస్తారు, ఉగాదికి "తగ్గిందా అమ్మా?" అంటారు. తగ్గిందనీ అనలేరు, లేదనీ అనలేరు. పాపం ఆవిడ ఏడాదంతా మీ ఒంట్లో లేని జబ్బుకు దిగులు పడతారు. మీకు నిజంగా పాలు పడకపోతే అది వేరే సంగతి, అప్పుడు చెప్పి తీరాలి.

మూడు రోజులు అన్నీ తినేయడం మీ ఇష్టం. కొందరు అలాగే చేస్తారు, అది నేరమేమీ కాదు. కానీ మీ ఉత్తరం చూస్తే పులిహోరలో నెయ్యికే కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి మీరు. నవ్వుతూ సున్నుండ తిని లోపల కుమిలిపోతారేమో ఆలోచించుకోండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒకసారి తింటే "అప్పుడు తిన్నావుగా" అన్నది రుజువుగా మిగిలిపోతుంది.

నా మొగ్గు ఐదో దారి వైపు. ముందుగా ఫోను, రెండు రోజుల ముందు ప్రయాణం, వంటింట్లో చోటు. దీనికి శ్రమ ఉంది, ఒకరోజు సెలవు ఖర్చవుతుంది. అత్తగారు మొదటి రోజు ముభావంగానే ఉండవచ్చు కూడా.

ఫోను మీరే చెయ్యాలి, మీ ఆయన చేత చేయించకండి. కొడుకు చెబితే అది కోడలి ఫిర్యాదు అవుతుంది. "వీగన్" (మాంసం, పాలు, తేనె లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ తిననివాళ్లు) అనే మాట వాడకండి. ఆ చెవులకు అదేదో కొత్త జబ్బులానో, పట్నం ఫ్యాషన్‌లానో వినపడుతుంది. "శాకాహారం" అన్నా పని జరగదు, ఎందుకంటే ఆ ఇంట్లో శాకాహారానికి నెయ్యే శిఖరం. "వదిలేశాను" అనండి. కాశీకి వెళ్లొచ్చినవాళ్లు ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తారు. ఇక ఆ మనిషి విస్తట్లో దాన్ని ఎవరూ వడ్డించరు, ఎందుకని నిలదీయరు. వదిలేసినదాన్ని గౌరవించడం ఆ ఇంటికి కొత్త కాదు. మాట దాదాపు ఇలా ఉంటే చాలు: "అత్తయ్యా, పోయినసారి పదిమందిలో అలా అనడం నాదే తప్పు. నేను పాలు, పెరుగు, నెయ్యి వదిలేశాను కదా, మీరు చేసేవాటిలో నెయ్యి పడకముందే నాకో చిన్న గిన్నెలో తీసి ఉంచండి. మిగతావి నేనొచ్చి మీ దగ్గర చేసుకుంటాను." గేదెల మాట, దూడల మాట, ఆరోగ్యం మాట ఇందులో లేవు చూడండి. అవి అడిగినప్పుడే.

ఇక వంటింట్లోకి వెళదాం. అసలు పని అక్కడే.

అరిసెలు చాలా ఇళ్లలో నూనెలోనే వేయిస్తారు. నెయ్యి పడేది పాకంలో, రెండు మూడు చెంచాలు. దాని బదులు అంతే నువ్వులనూనె పోస్తే రుచికి లోటుండదు, పైన నువ్వులు ఎలాగూ అద్దుతారు. జంతికలు, చెక్కల పిండిలో వెన్న వేస్తారు. కిలో బియ్యప్పిండికి 100 గ్రాముల వెన్న వేసే చోట, 80 మిల్లీలీటర్ల నూనె బాగా కాచి పొయ్యాలి. వెన్నలో కొంత నీరుంటుంది కాబట్టి ఈ తగ్గింపు. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తడితే విడిపోవాలి. నూనె ఎక్కువైతే జంతిక మూకుట్లో ముక్కలైపోతుంది, తక్కువైతే పళ్లకు పని చెబుతుంది. ఈ రెండిటినీ మొత్తం ఇంటికే అలా చేయమని అడగవచ్చు, తేడా ఎవరికీ తెలియదు.

సున్నుండల దగ్గర మాత్రం నిజమైన చిక్కుంది. నెయ్యి అక్కడ వాసన ఇస్తుంది, ఉండను పట్టి ఉంచుతుంది కూడా. వట్టి కొబ్బరినూనెతో చేస్తే పొద్దున చలికి రాయిలా ఉండి, మధ్యాహ్నానికి చెమర్చి డబ్బా అడుగున నూనె తేలుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జనవరిలో కూడా కోనసీమ మధ్యాహ్నం అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. అందుకని పట్టు కోసం జీడిపప్పును నమ్ముకోవాలి. పావుకిలో మినపగుళ్లు సన్నసెగ మీద గోధుమరంగు వచ్చి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. పదిహేను నిమిషాలకు తగ్గదు. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన కప్పడానికి నెయ్యి కూడా ఉండదు. ఆరాక కొంచెం బరకగా పొడి పట్టండి. 75 గ్రాముల జీడిపప్పు దోరగా వేయించి, మిక్సీలో ఆపి ఆపి తిప్పుతూ నూనె వదిలేదాకా ముద్ద చేయండి. దానిలో 200 గ్రాముల కొత్త బెల్లం తురుము, మినపపొడి కలిపి ఒక తిప్పు తిప్పండి. గోరువెచ్చటి కొబ్బరినూనె చెంచా చెంచా పోస్తూ ఉండ కట్టి చూడండి, నాలుగైదు చెంచాలకు నిలుస్తుంది. బెల్లం పాతదై పొడిపొడిగా ఉంటే ఉండ విరుగుతుంది, పండక్కి వచ్చే కొత్త బెల్లంలో తడి ఉంటుంది కాబట్టి పట్టు బాగుంటుంది. నేతి సున్నుండ రుచి దీనికి రాదు. వస్తుందని అత్తగారితో పందెం వేయకండి. ఇది ఇంకో రకం ఉండ, అదీ బాగుంటుంది. మొదటి ఉండ ఆవిడ చేతికే ఇచ్చి "ఉప్పూ పులుసూ మీరే చెప్పాలి" అనండి. బెల్లం తక్కువైందని అన్నారంటే మంచి శకునమే. వంకపెట్టడమంటే పట్టించుకోవడమే కదా.

అంత శ్రమ వద్దనుకుంటే నువ్వుండలు, వేరుశనగ ఉండలు ఎలాగూ ఉన్నాయి. ఆ రెంటికీ నేతితో పనే లేదు. పూతరేకులైతే ఆత్రేయపురం మీకు దగ్గరే, నెయ్యి రాయని ఉత్త రేకులు అడిగి తెప్పించుకోండి. వట్టి రేకు మడిస్తే పెళుసుగా విరుగుతుంది. కొబ్బరిపాలు చిలకరించి మెత్తబడ్డాక బెల్లంపొడి, జీడిపప్పు పొడి చల్లి మడవండి. కొబ్బరిపాలు నిలవుండవు, అందుకని ఏ పూటవి ఆ పూటే.

పరమాన్నం దగ్గర కొంచెం జాగ్రత్త. సంక్రాంతి పొద్దున పాలు పొంగించే గిన్నె జోలికి, పెద్దలకు పెట్టుకునే వంటల జోలికి వెళ్లకండి. అవి ఆ ఇంటి పెద్దలకు, పోయినవాళ్లకు మధ్య ఉన్న లెక్క. అక్కడ "కొబ్బరిపాలు పోద్దామా అత్తయ్యా" అంటే ఇంతవరకూ కట్టినదంతా కూలుతుంది. మీది పక్క పొయ్యి మీద చిన్న గిన్నె. కొబ్బరితోట ఉన్న ఇల్లు కాబట్టి సరుకు వెతుక్కునే పని లేదు. రెండు పెద్ద కాయలు తురిమి, గోరువెచ్చటి నీళ్లతో రుబ్బి, గ్లాసున్నర చిక్కటిపాలు పక్కన పెట్టండి. ఆ పిప్పినే మళ్లీ నీళ్లు పోసి రెండుసార్లు రుబ్బితే నాలుగు గ్లాసుల పలచటిపాలు వస్తాయి. గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు ఆ పలచటిపాలలో మెత్తగా ఉడకాలి. కొత్తబియ్యమైతే మూడున్నర గ్లాసులకే ఉడికిపోతాయి, అన్నీ ఒకేసారి పోసేయకండి. గ్లాసుంబావు బెల్లం వేరుగా కరిగించి, ఇసక లేకుండా వడగట్టి, మెతుకు పూర్తిగా మెత్తబడ్డాకే పొయ్యండి. ముందే పోస్తే మెతుకు ఇక ఉడకదు, బిరుసుగా మిగులుతుంది. చిక్కటిపాలు దించాకే పొయ్యాలి. పొయ్యి మీద కుతకుతలాడనిస్తే విరిగి నూనె తేలి, నలకలు నలకలుగా కనిపిస్తుంది. జీడిపప్పు, కిస్‌మిస్ కొబ్బరినూనెలో వేయించి, ఏలకుల పొడి చల్లండి.

పెరుగు లేకుండా భోజనం ముగించలేకపోతున్నాననీ రాశారు. పల్లీ పెరుగు తోడుపెట్టుకోవచ్చు గాని, దాన్ని హైదరాబాద్‌లోనే ఒకసారి చేసి చూసుకుని వెళ్లండి. గ్లాసు వేరుశనగపప్పు ఆరేడు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్లతో రుబ్బి గుడ్డలో వడగట్టండి. అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు మరగనివ్వాలి. చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే కాస్త చిక్కబడుతుంది. వేలు పెడితే ఓర్చుకునే వేడికి వచ్చాక ఏడెనిమిది పచ్చిమిరపకాయ తొడిమలు వేసి, హాట్‌బాక్సులో పెట్టి కదపకుండా ఉంచండి. జనవరి చలికి పన్నెండు గంటలైనా పడుతుంది. మొదటి తోడు కాస్త మిరప వాసన వేస్తుంది, నీళ్లు విడిపోతుంది. దానిలో రెండు చెంచాలు తీసి మళ్లీ తోడుపెడితే రెండోది బాగుంటుంది. ఆ రెండో పెరుగే చిన్న సీసాలో ఊరికి తీసుకెళ్లండి. గడ్డపెరుగు రుచి మాత్రం ఆశించకండి. మజ్జిగపులుసుకు, అల్లం కరివేపాకు వేసిన మజ్జిగకు బాగా పనికొస్తుంది.

వడ్డన దగ్గరే మీ ఆయన అవసరం. పప్పు మీద నెయ్యి వేయడం ఆ ఇంట్లో మర్యాద. నేతి గిన్నె పట్టుకొచ్చిన పెద్దావిడకు చెయ్యి అడ్డం పెట్టడమంటే మళ్లీ పాత కథే. ఆ బంతిలో నేతి గిన్నె మీ ఆయన పట్టుకుని మీ విస్తరి దాటిపోతే ఎవరి దృష్టీ పడదు. మీరు పప్పులోకి పప్పునూనె, అంటే నువ్వులనూనె, వేసుకోండి. ఆవకాయలోకి, కందిపొడిలోకి పప్పునూనె కలుపుకోవడం ఆ ప్రాంతంలో పాత అలవాటే, వింతగా చూడరు. తోడికోడలు గడ్డి తింటున్నావా అని నవ్వితే జవాబు మీ ఆయనే చెప్పాలి, అదీ నవ్వుతూనే. "సర్దుకో" అన్నాయన ఈ రెండు పనులూ చేస్తే సర్దుబాటు ఇద్దరిదీ అవుతుంది.

కనుమనాడు మినుము తినాలంటారు. గారెలు మీకు నిశ్చింతగా తినదగ్గవే, ఆ నూనెలో ముందుగా కోడో చేపో వేగకుండా ఉంటే చాలు. గారెల వాయి మొదట తీయమని చెప్పండి. ఆవడలు మాత్రం మీవి కావు. కోడిపులుసుకు ఉల్లి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, కొబ్బరి అన్నీ నూరి వేయించాక, కోడి పడకముందే రెండు గరిటెల ముద్ద చిన్న గిన్నెలోకి తీసుకోండి. దానిలో బంగాళదుంప, వంకాయ వేయవచ్చు. మీల్‌మేకర్ అయితే 100 గ్రాములు ముగ్గురికి సరిపోతుంది. ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, చన్నీళ్లు పోసి రెండుసార్లు గట్టిగా పిండండి. పిండకపోతే సోయా వాసన పులుసంతా పట్టేస్తుంది. గరిటెలు మారకుండా మీ గిన్నె మీద మూత, మూత మీద గరిటె పెట్టుకోండి.

మావగారి ప్రశ్నకు కనుమ పొద్దున జవాబు చెప్పకండి. ఆ రోజు ఆయన గేదెలను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, దండలు వేసి మురిసిపోయే రోజు. బకెట్టు పట్టుకుని మీరూ వెళ్లండి. ఆ గేదెలంటే ఆయనకున్న ప్రేమ నిజం, మీ నిర్ణయమూ నిజం. ఈ రెండూ ఒక పెరట్లో పడతాయి. మళ్లీ అడిగితే "మీరు బాగా చూస్తారని తెలుసు మావయ్యా, నేనే వదిలేశాను" అనేసి ఊరుకోండి. పిల్లలు, బలం, నీరసం అన్న మాటలూ వస్తాయి. బి12 విటమిన్ మొక్కల తిండిలో దొరకదు, కాబట్టి మాత్ర వాడాలి. వాడుతూ ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటుంటే ఆ మాటకు మీ దగ్గర నిజమైన జవాబుంటుంది. వాడకపోతే అత్తగారి దిగులులో న్యాయముందని ఒప్పుకోవాలి. దారిలో కొనుక్కునే బిస్కెట్ల మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకండి, పాలపొడి ఉన్నవాటికీ ఆ చుక్కే ఉంటుంది. వీగన్ సరుకుకు 2022 నిబంధనల ప్రకారం వేరే గుర్తు ఉంది. అది లేని చోట వెనకనున్న పదార్థాల జాబితా చదవాల్సిందే.

ఇంత చేసినా ఎక్కడో ఒక చెంచా నెయ్యి పడుతుంది. గుడి ప్రసాదంలోనో, పక్కింటివాళ్లు పంపిన పులిహోరలోనో పడుతుంది. అప్పుడేం చేస్తారో ఇప్పుడే తేల్చుకోండి, విస్తరి ముందు కాదు. ప్రసాదం కళ్లకద్దుకుని పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టవచ్చు. తినేశాక తెలిస్తే మంచినీళ్లు తాగి ఊరుకోవచ్చు, లేదా రాత్రికి మీ ఆయనతో చెప్పుకుని బాధపడవచ్చు. బంతిలో మాత్రం వద్దు.

పిండివంటలు భోగికి వారం ముందే మొదలవుతాయి. జంతికల పిండిలో వెన్న పడ్డాక ఫోను చేస్తే ఆవిడా చేయగలిగిందేమీ ఉండదు. ఈ ఆదివారం చేసేయండి.